సరిచేసి, విడిచిపెట్టే చెయ్యి



ఆదివారం పాటల రికార్డింగు వింటున్నవారిలో చాలామంది ఈ మధ్య ఒకే మాట అడుగుతున్నారు. "అయ్యగారూ, పాటలు ఇప్పుడు వినడానికి హాయిగా ఉన్నాయండి, కొత్త మైకులు కొన్నారా?" అని. కొనలేదు. మైకులు అవే, మందిరం పైన రేకులు అవే, పాడేవాళ్ళూ వాళ్ళే. మారింది ఒక్కటే. కంప్యూటరులో గొంతులను సరిచేసే పద్ధతి మారింది. ఆ పద్ధతి పేరు డైనమిక్ ఈక్వలైజర్.

మన సౌండు చూసే తమ్ముళ్ళతో కూర్చుని దాన్ని అమర్చుతున్న రోజుల్లో ఒక వాక్యభాగం నా మనసును వదలలేదు. అది కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక 2వ అధ్యాయం. ఈ రెండింటికీ సంబంధం ఏమిటో ముందుకు వెళ్ళేకొద్దీ మీకే తెలుస్తుంది. చుట్టుపక్కల ఊళ్ళలో సౌండు చూసే పిల్లలు కూడా ఇది చదువుతారు కాబట్టి, వారికి పనికొచ్చేలా అంకెలతో సహా రాస్తున్నాను. యంత్రాల సంగతి పట్టనివారు కాస్త ఓపిక పట్టండి. ఇది చివరికి మన ఇళ్ళలోకే వస్తుంది.

గొంతులో ఏమేమి ఉంటాయి

మనిషి చెవి సుమారు 20 హెర్ట్జ్ నుండి 20,000 హెర్ట్జ్ వరకు వినగలదు. సెకనుకు ఎన్ని ప్రకంపనలు అనే లెక్క అది. అంకె చిన్నదైతే డప్పు మోతలాంటి బరువైన ధ్వని. పెద్దదైతే తాళాల గలగలలాంటి సన్నని ధ్వని. ఒక మనిషి గొంతు వీటిలో ఏదో ఒక్క చోట ఉండదు, ఎన్నో చోట్ల ఒకేసారి పలుకుతుంది. 100 నుండి 250 హెర్ట్జ్ మధ్య గొంతుకు నిండుదనం ఉంటుంది. 300 నుండి 500 దగ్గర ఎక్కువైతే కుండలో నోరు పెట్టి మాట్లాడినట్టు ఉంటుంది. 2,000 నుండి 5,000 మధ్య మాటకు స్పష్టత ఉంటుంది. మన చెవి అన్నిటికంటే సున్నితంగా వినేదీ అక్కడే, అందుకే అక్కడ ఎక్కువైతే గుచ్చుకుంటుంది. ఆపైన 5,000 నుండి 8,000 దగ్గర స, శ, ష అక్షరాల బుసబుస ఉంటుంది.

మన తెలుగు విశ్వాసుల రికార్డింగుల్లో ఈ చివరిది పెద్ద సమస్య. యేసు, క్రీస్తు, స్తోత్రము, సిలువ, సంఘము, సాక్ష్యము: ఒక్కసారి నోటితో అని చూడండి. మనం అన్నిటికంటే ఎక్కువగా పలికే మాటలన్నీ ఆ అక్షరాలతో నిండినవే. మైకు దగ్గరగా పెట్టుకుని స్తోత్రం చెబితే వినేవారి చెవిలో సూది దిగినట్టు ఉంటుంది.

ఏ చోట ధ్వనిని ఎంత పెంచాలో, ఎంత తగ్గించాలో చూసే పనిముట్టును ఈక్వలైజర్ అంటారు. ఆ పేరు టెలిఫోన్ కాలంలో వచ్చింది. దూరపు తీగల గుండా మాట వెళ్ళేసరికి సన్నని ధ్వనులు ఎక్కువగా అరిగిపోయేవి. ఆ నష్టాన్ని పూరించి, ఇవతల పలికిన మాటను అవతల అదే మాటగా వినిపించడమే దాని మొదటి పని. అంటే మాట్లాడినవాని గొంతును మార్చడానికి కాదు, దారిలో చెడిపోయినదాన్ని తిరిగి అతని గొంతుగా నిలబెట్టడానికి దాన్ని చేశారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఎంత పెంచాం, ఎంత తగ్గించాం అని కొలిచేది డెసిబెల్. ఆ మాటలోని బెల్, టెలిఫోనుకు పేరుపొందిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ పేరు నుండి వచ్చింది. ఆయన తల్లికి వినికిడి లోపం ఉండేది, భార్యకు అసలు వినబడదు. వినలేనివారికి నేర్పించడం ఆయన వృత్తి. ధ్వనిని కొలిచే ప్రతిసారీ మనం అలాంటి ఇంటివాని పేరు పలుకుతున్నాం.

ఎప్పుడూ తగ్గించే ఉంచితే

మన సంఘంలో ఒక తల్లి ఉన్నారు. అరవై దాటారు. మీరంతా ఎరిగినవారే కాబట్టి పేరు రాయను. ఆమె అనుమతితోనే ఈ మాటలు రాస్తున్నాను. పల్లవి ఎత్తుకునేటప్పుడు ఆమె గొంతు ఎంతో మెత్తగా ఉంటుంది. చరణం పైకి వెళ్ళేసరికి మాత్రం 3,000 హెర్ట్జ్ దగ్గర ఒక పదును వస్తుంది. రేకుల కింద ఆ పదును ఇంకా పెరుగుతుంది. మన తమ్ముడు ఒకతను రికార్డింగును సరిచేస్తూ, అది గుచ్చుకోకుండా ఆ చోట 8 డెసిబెల్‌లు తగ్గించాడు. అతని చేతిలో అప్పుడున్నది మామూలు ఈక్వలైజర్. మామూలు ఈక్వలైజర్‌లో ఒకసారి తగ్గిస్తే, పాట మొదటి నుండి చివరి వరకు తగ్గే ఉంటుంది. ఆ పనిముట్టుతో ఎవరైనా చేసేది అంతే.

పదును పోయింది. కానీ దానితో పాటు మెత్తగా పాడిన పల్లవిలోని స్పష్టత కూడా పోయింది. దుప్పటి కప్పుకుని పాడినట్టు అయింది. ఎత్తయిన స్వరంలో మాత్రమే ఉన్న ఇబ్బందికి, ఏ ఇబ్బందీ లేని చోట కూడా కోత పడింది.

ఆమె కూతురు కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేస్తుంది. మన గోదావరి జిల్లాల నుండి అలా వెళ్ళిన అక్కచెల్లెళ్ళు ఎందరో మీకు తెలుసు. ఆ వారం పాట విని ఆ అమ్మాయి నాకు వాయిస్ మెసేజ్ పెట్టింది. "అయ్యగారూ వందనాలండి. అమ్మకి ఒంట్లో బాగోలేదాండి? నా దగ్గర దాస్తున్నారా? పాటలో గొంతు అమ్మది కానట్టు ఉందండి" అని. ఏడుస్తూనే మాట్లాడింది. ఆ మాట ఎలాగో తల్లి చెవిన పడింది. ఆమె నాతో ఏమీ అనలేదు. తరువాతి ఆదివారం మైకు దగ్గరికి రాలేదు, వెనక వరుసలో కూర్చున్నారు. పిలిస్తే, "నా గొంతు పాడైపోయిందిలే అయ్యగారూ, పిల్లలు పాడతారు" అన్నారు.

ముప్పై ఏళ్ళుగా మన మందిరంలో పాడుతున్న గొంతు అది. ఎందరి ఇళ్ళలో సమాధి కూడికలకు ఆ గొంతే ఓదార్పు. ఆమె గొంతు పాడైపోలేదు. ఎప్పుడో ఒకసారి వచ్చే పదును కోసం ఎప్పుడూ తగ్గించే ఉంచితే ఏ గొంతైనా అలాగే వినబడుతుంది.

అవసరమైనప్పుడే కదిలే గీత

డైనమిక్ ఈక్వలైజర్ వేరుగా పనిచేస్తుంది. అది గొంతును వింటూ ఉంటుంది. మనం చెప్పిన చోట ధ్వని మనం పెట్టిన హద్దు దాటినప్పుడు మాత్రమే, దాటిన మేరకు తగ్గిస్తుంది. ధ్వని హద్దు లోపలికి రాగానే చెయ్యి తీసేస్తుంది. తెర మీద ఒక గీత కనబడుతుంది. గాయని మెత్తగా పాడుతుంటే ఆ గీత సమంగా, ఏమీ చేయకుండా ఉంటుంది. స్వరం గుచ్చుకునే క్షణంలో ఆ ఒక్క చోట కొద్దిగా కిందికి వంగుతుంది. స్వరం దిగగానే మళ్ళీ సమానమవుతుంది.

ఇక పిల్లల కోసం, అమర్చే విధానం. మేము రికార్డింగుకు రీపర్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్నాం. 60 రోజులు పరీక్షించి చూసుకోవచ్చు, ఆ తరువాత లైసెన్సు కొనాలి. దొంగ కాపీ వేసుకుని దాని మీద దేవుని స్తుతి రికార్డు చేయకండి. అంత డబ్బు లేని సంఘానికి ఆడాసిటీ ఉంది, అది పూర్తిగా ఉచితం. దాని 3.2 వెర్షన్ నుండి పాట మోగుతుండగానే ఎఫెక్టులు మార్చి వినవచ్చు. డైనమిక్ ఈక్వలైజర్ కోసం టోక్యో డాన్ ల్యాబ్స్ వారి టిడిఆర్ నోవా వాడుతున్నాం. దాని మామూలు వెర్షన్ ఉచితమే. అందులో నాలుగు బ్యాండ్లు, వాటితో పాటు అడుగు ధ్వనిని, పై ధ్వనిని కోసే రెండు ఫిల్టర్లు ఉంటాయి.

మొదట, రికార్డు చేసేటప్పుడే లెవెల్ చూసుకోండి. గొంతు ఎంత గట్టిగా వెళ్ళినా మీటరు మైనస్ 6 డెసిబెల్ దాటకుండా ఉంటే మంచిది. సున్నా దాటి ధ్వని చితికిపోతే తరువాత ఏ ఈక్వలైజరూ దాన్ని బాగుచేయలేదు. ఆ తరువాత ట్రాక్ మీద ఎఫెక్టుల బటన్ నొక్కి నోవా తెరవండి. ఆడవారి గొంతుకైతే 90 హెర్ట్జ్ దగ్గర హైపాస్ ఫిల్టర్ పెట్టండి. ఫ్యాను హోరు, మైకు పట్టుకున్న చేతి చప్పుడు చాలావరకు పోతాయి.

తరువాత ఒక బ్యాండును 3,000 దగ్గర పెట్టండి. క్యూ అనే నాబ్ ఆ బ్యాండు ఎంత వెడల్పు ఉండాలో చెబుతుంది. 2 లేక 3 దగ్గర పెడితే పక్క ధ్వనుల జోలికి పెద్దగా వెళ్ళదు. గెయిన్ సున్నాలోనే ఉంచండి. ఇప్పుడు త్రెషోల్డ్ బటన్ ఆన్ చేసి, పాటలో అన్నిటికంటే ఎత్తయిన చోటును పదే పదే మోగించండి. ఆ ఎత్తయిన స్వరానికి మాత్రమే గీత కదిలే వరకు త్రెషోల్డును మెల్లగా దించండి. వెంటనే మెత్తని పల్లవికి వెళ్ళి చూడండి. అక్కడ గీత కదలకూడదు. కదిలితే త్రెషోల్డ్ మరీ కిందికి దించారన్నమాట.

రేషియో 3:1 తో మొదలుపెట్టండి. అంటే ధ్వని హద్దు మీద 6 డెసిబెల్‌లు దాటితే, 2 డెసిబెల్‌లు దాటినట్టుగా బయటికి వస్తుంది, 4 తగ్గుతుంది. ఒక గొంతుకు అంతకంటే ఎక్కువ అవసరం పడడం తక్కువ. అటాక్ 10 మిల్లీసెకన్లు, రిలీజ్ 120 మిల్లీసెకన్లతో మొదలుపెట్టి చెవితో సరిచూసుకోండి. స, శ, ష ల కోసం ఇంకొక బ్యాండును 6,500 దగ్గర పెట్టండి. ఆ అక్షరాలు క్షణంలో వచ్చి పోతాయి కాబట్టి అక్కడ అటాక్ 1 లేక 2, రిలీజ్ 50 చాలు. చివరిగా బైపాస్ నొక్కి, సరిచేయక ముందు, సరిచేసిన తరువాత రెండూ ఒకే శబ్దంలో పోల్చి వినండి. హెడ్‌ఫోన్‌లోనే కాదు, ఫోను స్పీకరులో కూడా వినండి, మన వాళ్ళలో ఎక్కువమంది వినేది దానిలోనే.

ఆ తల్లి పాటకు ఇలాగే చేశాం. పాత కోత తీసేశాం. పాట మొత్తంలో ఆ గీత కదిలింది పదిహేను ఇరవై చోట్ల మాత్రమే, అదీ 3 లేక 4 డెసిబెల్‌లు. కువైట్ పంపించాం. ఆ అమ్మాయి నుండి వచ్చిన జవాబు ఒక్క మాట: "అమ్మే." దాన్ని ఆ తల్లికి వినిపించాను. రెండు వారాలకు ఆమె మళ్ళీ మైకు దగ్గరికి వచ్చారు.

ఇంతవరకు పాటల సంగతి. ఇప్పుడు మన సంగతి.

వెదికే పద్ధతి

సౌండు పనిలో ఒక అలవాటు ఉంది. దోషం ఎక్కడుందో వెదకడానికి ఒక బ్యాండును బాగా పెంచి, అటూ ఇటూ జరుపుతూ వింటారు. ఎక్కడ వికారంగా వినబడితే అక్కడ కోస్తారు. ఇది పనికొచ్చే పద్ధతే, కానీ దీనిలో ఒక ప్రమాదం ఉంది. 10, 12 డెసిబెల్‌లు పెంచి వింటే ఏ గొంతైనా, ఏ చోటైనా వికారంగానే వినబడుతుంది. నిజంగా ఉన్న దోషం ఏదో, మనం పెంచడం వల్ల పుట్టిన దోషం ఏదో తేడా తెలియదు. అందుకే తమ్ముళ్ళకు చెబుతుంటాను: ముందు ఏమీ పెంచకుండా పాట మొత్తం విను. నీకు ఎక్కడ ఇబ్బంది అనిపించిందో అక్కడికి మాత్రమే వెళ్ళు.

ప్రియులారా, మత్తయి సువార్త 7వ అధ్యాయంలో మన ప్రభువు ఎదుటివాని కంటిలోని నలుసు గురించి, మన కంటిలోని దూలం గురించి చెప్పిన మాట మనకు తెలియనిది కాదు. నలుసు ఉన్న మాట నిజమే. దాన్ని తీయవద్దని ప్రభువు అనలేదు. కానీ మనం దాన్ని పెంచి చూస్తాం. కోడలు కూరలో ఉప్పు మరిచిపోతే "ఈ మనిషికి ధ్యాసే లేదు" అంటాం. కొడుకు ఒక ఆదివారం మందిరానికి రాకపోతే "వీడు లోకంలో కలిసిపోయాడు" అంటాం. పన్నెండంతలు పెంచి వింటే పరిశుద్ధుల గొంతులో కూడా వికారమే వినబడుతుంది.

హద్దు, వెడల్పు

త్రెషోల్డ్ అంటే గడప. ఇంటి గడప లాంటిదే. గడప ఇవతల ఉన్న గాలీ ధూళీ గురించి మనం వీధిలో కేకలు వేయం. ప్రతి మనిషికీ కొన్ని అలవాట్లు ఉంటాయి, అవి పాపాలు కావు. ఒకరు గట్టిగా మాట్లాడతారు, ఒకరు నెమ్మదిగా వస్తారు, ఒకరు ప్రార్థన మొదలుపెడితే త్వరగా ఆపరు. వీటి మీద కదలడం మొదలుపెడితే మన గీత పాట అంతా వణుకుతూనే ఉంటుంది. ఆ గొంతులో జీవం మిగలదు. సహించడం అంటే గడపను ఎక్కడ పెట్టాలో తెలిసి ఉండడం. అలాగని గడపే లేకుండా చేయకూడదు. నిజంగా గుచ్చుకునే చోట ఊరుకుంటే వినేవారు లేచి వెళ్ళిపోతారు. ఏలీ తన కుమారులను అడ్డగించలేదని మొదటి సమూయేలు 3వ అధ్యాయంలో చదువుతాం. ఆ ఇంటికి ఏమయిందో కూడా చదువుతాం.

వెడల్పు సంగతి కూడా చూడండి. బ్యాండు మరీ వెడల్పుగా పెడితే దోషంతో పాటు మనిషినే కోసేస్తాం. మత్తయి 18వ అధ్యాయంలో తప్పు చేసిన సహోదరుని దగ్గరికి మొదట ఒంటరిగా వెళ్ళమని ప్రభువు నేర్పించాడు. ఎంత ఇరుకైన బ్యాండు అది! ఆ ఒక్క మనిషి, ఆ ఒక్క సంగతి, మీ ఇద్దరి మధ్యే. మనమైతే మొదటి రోజే వాట్సాప్ గ్రూపులో పెడతాం, వాళ్ళ నాన్నను కూడా కలుపుతాం, పాతికేళ్ళ క్రితం సంగతులు కూడా కలుపుతాం.

అటాక్ గురించి యాకోబు పత్రిక మొదటి అధ్యాయం చాలు. వినడానికి త్వరపడమని, కోపానికి నిదానించమని ఆ భక్తుడు రాశాడు. 10 మిల్లీసెకన్లు అంటే మన లెక్కలో ఏమీ కాదు, కానీ ఆ కాస్త వ్యవధిలోనే అక్షరం తన మొదటి పలుకును పూర్తి చేసుకుంటుంది. మాట పూర్తి కానిచ్చి, అప్పుడు సరిచేయడం. మన ఇళ్ళలో చాలా గొడవలు ఆ వ్యవధి లేకే పుడతాయి.

చెయ్యి తీసేయడం

ఇప్పుడు రిలీజ్ సంగతి. మొదట చెప్పిన వాక్యభాగం ఇక్కడే.

కొరింథు సంఘంలో ఒకడు తప్పు చేశాడు. సంఘం అతన్ని శిక్షించింది. పౌలు ఆ శిక్షను తప్పుపట్టలేదు. కానీ రెండవ పత్రిక 2వ అధ్యాయంలో ఆయన చెప్పింది ఇది: ఆ శిక్ష అతనికి సరిపోయింది, ఇక అతన్ని క్షమించి ఆదరించండి, మీ ప్రేమను అతనికి మళ్ళీ స్థిరపరచండి, లేకపోతే అతడు మితిమీరిన దుఃఖంలో మునిగిపోతాడు. శిక్షించడం ఎప్పుడు మొదలుపెట్టాలో మాత్రమే కాదు, ఎప్పుడు ఆపాలో కూడా చెప్పిన కాపరి ఆయన.

రిలీజ్ సరిగా పెట్టకపోతే ఏమవుతుందో పిల్లలకు తెలుసు. దాన్ని మరీ ఎక్కువగా పెట్టి చూడండి. గట్టి స్వరం అయిపోయినా గీత పైకి రాదు. తరువాతి మెత్తని మాటలు కూడా అణిగిపోతాయి. అప్పుడు డైనమిక్ ఈక్వలైజర్ కూడా మామూలు కోతలాగే అయిపోతుంది. తప్పు పోయింది, శిక్ష మిగిలింది.

మన సంఘంలో ఒక సహోదరుడు ఉన్నాడు. తానే నన్ను రాయమన్నాడు, పేరు మాత్రం వద్దన్నాడు. పదకొండేళ్ళ క్రితం అతను తాగుడులో ఉన్నాడు. సంఘ పెద్దలు అతన్ని ఆరు నెలలు ప్రభువు బల్లకు దూరంగా ఉంచారు. అతను విరిగిన హృదయంతో తిరిగి వచ్చాడు. పెద్దలు చెయ్యి కలిపి బల్లలోకి చేర్చుకున్నారు. ఆ రోజు నుండి ఈ రోజు వరకు అతను ఒక చుక్క ముట్టలేదు. అతని భార్య సాక్షి, పొలంలో అతనితో పనిచేసేవాళ్ళు సాక్షులు.

కానీ అతను ప్రార్థన ఎత్తుకుంటే కొందరు పక్కవారి ముఖం చూస్తారు. కానుకలు లెక్కపెట్టేటప్పుడు అతని పేరు ఎవరి నోటా రాదు. ఈ సంవత్సరం అతని కూతురికి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి వాళ్ళు విచారించడానికి ఊళ్ళోకి వస్తే, ఎవరో "వాళ్ళ నాన్న తాగుబోతు కదండీ" అన్నారు. తాగేవాడు అని కూడా కాదు, తాగుబోతు అన్నారు. ఆ సంబంధం వెనక్కి పోయింది. ఆ తండ్రి నా దగ్గరికి వచ్చి అడిగిన ప్రశ్న మీ ముందు పెడుతున్నాను. "అయ్యగారూ, దేవుడు క్షమించాడని మీరు చెప్పారు, నేను నమ్మాను. మరి నా బిడ్డ ఏ పాపానికి కట్టిందండీ ఇది?"

మితిమీరిన దుఃఖం మనిషిని మింగేస్తుందని పౌలు భయపడ్డాడే, ఆ దుఃఖం ఇదే. పాత జీవితం వల్ల వచ్చే దుఃఖం కాదు, విడుదల పొందినవాణ్ణి విడిచిపెట్టని చేతుల వల్ల వచ్చే దుఃఖం.

మన ప్రభువు పేతురు విషయంలో ఏం చేశాడో చూడండి. పేతురు ముమ్మారు ఎరుగనన్నాడు. యోహాను సువార్త 21వ అధ్యాయంలో ప్రభువు అతన్ని ముమ్మారు ప్రేమ గురించి అడిగాడు. మూడవసారికి పేతురుకు నొప్పి కలిగింది. అంటే సరిచేయడం నిజంగానే జరిగింది, ప్రభువు తప్పును చూడనట్టు నటించలేదు. కానీ అడిగిన ప్రతిసారీ దాని వెంటనే తన గొర్రెలను అతని చేతిలో పెట్టాడు. "ఇంకో పదేళ్ళు చూద్దాం" అనలేదు. ఆ పేతురే పెంతెకొస్తు దినాన నిలబడి గొంతెత్తాడు. ఆ గొంతు అణగదొక్కబడిన గొంతు కాదు. మూడు వేలమంది ఆ రోజు చేర్చబడ్డారు.

కాబట్టి మూడు సంగతులు అడుగుతున్నాను. మొదటిది, మీ ఇంట్లో ఎవరి మీద మీరు ఎప్పుడో పెట్టిన కోత ఇంకా అలాగే ఉందో ఈ వారం ప్రార్థనలో ఆలోచించండి. భర్త మీదా, చెల్లెలి మీదా, పంచాయితీలో మాట తేలిపోయినా మీరు ఇంకా మాట్లాడని అన్నదమ్ముల మీదా? రెండవది, సంబంధాల గురించి ఎవరైనా అడగడానికి వస్తే, ఆ మనిషి ఈ రోజు ఎలా ఉన్నాడో చెప్పండి. అది నిజం చెప్పడమే. పదకొండేళ్ళ క్రితపు సంగతిని ఈ రోజు సంగతిలా చెప్పడం నిజం చెప్పడం కాదు. మూడవది, వచ్చే నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఆరాధనలో ప్రారంభ ప్రార్థన ఆ సహోదరుడు చేస్తాడు. పెద్దలందరూ ఒప్పుకున్నారు. అతను నోరు తెరిచినప్పుడు ఎవరి ముఖమూ చూడకండి. కళ్ళు మూసుకుని ఆమేన్ అనండి. దూరదేశాల్లో ఉన్న మీరు రికార్డింగులో విని అక్కడే ఆమేన్ అనండి.

అతని గొంతు కాస్త బొంగురు. సౌండు చూసే తమ్ముళ్ళతో చెప్పాను, 300 దగ్గర ఎప్పుడైనా మరీ కుండలా మోగితే కొంచెం పట్టుకోండి, మిగతాదంతా ఉన్నది ఉన్నట్టు వదిలేయండి అని.

ప్రార్థన చేద్దాం.

కృపగల మా తండ్రీ, మమ్మును నీవు సరిచేసిన ప్రతి దినము కొరకు నీకు స్తోత్రములు. నీ చెయ్యి మా మీద బరువుగా ఉండిన దినములు ఉన్నవి, కానీ నీవు ఎల్లప్పుడు మా మీద కోపము నిలుపుకొనలేదు. నలిగిన దానిని విరువని నీ కుమారుని మనస్సు మాకు దయచేయుము. మా ఇండ్లలో ఎవరి స్వరము మా వలన అణగిపోయినదో వారిని మాకు చూపించుము. వారిని విడిచిపెట్టు బలమును మాకిమ్ము. ఆ సహోదరుని, అతని కుమార్తెను నీ చేతికి అప్పగించుచున్నాము. వారి తల ఎత్తువాడవు నీవే. దూరదేశములలో తల్లి గొంతు కొరకు, తండ్రి గొంతు కొరకు చెవియొగ్గి ఉన్న మా బిడ్డలను నీ రెక్కల క్రింద కాపాడుము. యేసుక్రీస్తు నామమున అడిగి వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.

ప్రభువు సేవలో,
మీ కాపరి